హెర్‌స్టుగారి కొలను

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, సాన్ సిమియన్ కొండపై, పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హెర్‌స్టు తన యింటి ప్రాంగణమున ఈతకొలను కట్టించెను. వాస్తుశిల్పి జూలియా మోర్గన్ అను విదుషీమణి. 1924లో ఆరంభమైన యా పనిని హెర్‌స్టు మెచ్చక, రెండుమారులు మార్పించి పెంచెను. ధనికుల మనసు కుదురుట కష్టము గదా! తుదకు 1936లో 104 అడుగుల పొడవున నిలిచినది.

ఆయన 1951లో గతించెను. 1957లో భవనము ప్రభుత్వపరమయ్యెను. కాలక్రమమున పాలరాతి పలకలక్రింద కాంక్రీటు బీటలువారి నీరు కారజొచ్చెను. బీట అడుగున నుండగా పైపూత యేమి చేయగలదు? 2014లో, రాష్ట్రమంతయు ననావృష్టిచే నలమటించుచుండగా, కొలనును ఎండగట్టిరి. పలకలనూడ్చి, బీటలు పూడ్చి, నీరింకని పొర పరచి, మునుపటివలెనే వెర్మాంటు పాలరాతిని పొదిగిరి. మరల నీరు నింపినది 2018 ఆగస్టులో.