రుద్రమదేవి: నవలయు, శాసనమును

కాకతీయ గణపతిదేవ చక్రవర్తికి పుత్రసంతానము లేకుండెను. అందుచే కుమార్తెయగు రుద్రమకు రుద్రదేవుడను పురుషనామ మొసగి, రాజ్యభారమునకు సిద్ధపరచెను. శాసనములందును ఆమె రుద్రదేవ మహారాజే.

మగవేషమున పెరిగిన ఆ రాచబిడ్డ యంతరంగమును అడివి బాపిరాజు (1895–1952) 'గోన గన్నారెడ్డి' నవలయందు చిత్రించెను. నోరి నరసింహశాస్త్రియు 'రుద్రమదేవి' నవలను రచించెను. కత్తి పట్టిన చేతి వెనుక నొక కన్నెమనసు కలదని మనకు తెలిపినవి నవలలే. శిలలు మనసు నెరుగవు.

అయినను నవల ఊహింపవలసినచోట శిల సాక్ష్య మిచ్చును. దేవగిరి యాదవులను తరిమిన ఆ రాణి, కాయస్థ అంబదేవుని తిరుగుబాటు కాలమున శివసాయుజ్య మందెను. ఈ సంగతి నల్లగొండ సీమలోని చందుపట్ల శాసనమువలన తెలిసినది. 1289 నవంబరులో పువ్వుల ముమ్మడి యను సేవకుడు, రుద్రమకును, సేనాని మల్లికార్జున నాయకునికిని పుణ్యముగా, దేవునికి భూమి నిచ్చి దానిని వ్రాయించెను. వారిరువురును యుద్ధముననే కూలిరని చరిత్రకారు లూహించిరి.

మహారాణి మరణమునకు సాక్షి ఒక పల్లెటూరి భూదానలేఖ! కావున ప్రొద్దుటూరి పాఠకులారా, నవలను చదువుడు. గుడియొద్ద పడియున్న వ్రాతరాతిని బట్టలుతుకు బండగా మాత్రము చేయకుడు.