నైట్‌మేర్ (టెలివిజన్ కార్యక్రమము)

నైట్‌మేర్ బ్రిటన్‌లో 1987 సెప్టెంబరు 7 నుండి 1994 నవంబరు 11 వరకు ఐటివి పిల్లల ప్రసారములలో వచ్చిన సాహస క్రీడా కార్యక్రమము. నారిచ్ నగరములోని ఆంగ్లియా టెలివిజన్ సంస్థ దీనిని నిర్మించినది. దీని రూపకర్త టిమ్ చైల్డ్. ఎనిమిది శ్రేణులలో మొత్తము 112 భాగములు ప్రసారమైనవి. నిజమైన పిల్లలను, నటులను కంప్యూటరు సాయముతో కూర్చిన చిత్రముల లోపల నడిపించిన తొలినాటి పిల్లల కార్యక్రమములలో ఇది ముఖ్యమైనది. ఆటలో ప్రవేశించిన బాలునికి తానున్న చోటు కనబడదు; చూడగలిగిన స్నేహితులు అక్కడికి పోలేరు. కార్యక్రమమంతయు ఈ ఒక్క నియమము మీదనే నిలిచినది. ఆ నియమము ఆనాటి సాంకేతిక విధానములోని ఒక లోపము నుండి పుట్టినది.

పేరు

మధ్యయుగపు ఐరోపాలో కవచము ధరించి గుఱ్ఱముపై యుద్ధము చేసిన వీరుని ఆంగ్లములో 'నైట్' అంటారు. 'నైట్‌మేర్' అనగా పీడకల. ఆంగ్లములో వీరుని పేరుకు మొదట ఒక మూగ అక్షరము ఉన్నది. దానిని వ్రాస్తారు కాని పలుకరు. ఆ అక్షరమును పీడకల అను మాటకు ముందు చేర్చి ఈ పేరును కల్పించినారు. చెవికి పీడకల అని వినిపించును, కంటికి వీరుడు కనిపించును.

ఆవిర్భావము

1980ల తొలి సంవత్సరములలో బ్రిటన్‌లో చౌకరకపు గృహ కంప్యూటర్లు వ్యాపించినవి. వానిలో 1982లో వచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ ప్రసిద్ధమైనది. దానిపై ఆడుటకు వచ్చిన ఏటిక్ అటాక్ (1983), డ్రాగన్‌టార్క్ (1985) అను కోటల ఆటలు ఆంగ్లియాలో పనిచేయుచుండిన టిమ్ చైల్డ్‌ను ఆకర్షించినవి. అంత చిన్న యంత్రము ఒక మాయాకోటను చూపగలిగినప్పుడు టెలివిజన్ కూడా చూపగలదని ఆయన తలచినారు. 1986లో 'డంజన్ డూమ్' అను పేరుతో ఒక ప్రయోగాత్మక భాగమును చిత్రీకరించినారు. దానిని సవరించగా నైట్‌మేర్ రూపొందినది.

కంప్యూటరు ఆటలో ఆడువారు తెర బయట కూర్చుండి మీటలు నొక్కుతారు. తెరమీది బొమ్మ వారు చెప్పినట్లు కదులును. ఆ బొమ్మకు సొంత చూపు లేదు, సొంత ఆలోచన లేదు. నైట్‌మేర్‌లో బొమ్మ స్థానములో ఒక నిజమైన బాలుని, మీటల స్థానములో అతని స్నేహితుల మాటలను ఉంచినారు.

ఆట జరుగు విధము

జట్టుకు నలుగురు పిల్లలు. వారిలో ఒకరు నేలమాళిగలోనికి ప్రవేశించే అన్వేషకుడు లేదా అన్వేషకురాలు. తక్కిన ముగ్గురు సలహాదారులు. వీరు కోట యజమాని ట్రెగార్డ్ సరసన కూర్చుండి, మాయాదర్పణము వంటి ఒక తెరలో అన్వేషకుని చూచుచు, నోటిమాటతో దారి చూపేవారు. ఖడ్గము, డాలు, పాత్ర, కిరీటము వంటి ఒక వస్తువును సాధించుట వారి లక్ష్యము. మూడు అంతస్తులను దాటినవారే దానిని చేరగలరు.

దారిలో అనేక పరీక్షలు ఉండేవి. గోడలో నుండి ముఖము చూపే రాక్షసుడు పొడుపుకథలు అడిగేవాడు. సరియైన జవాబుల సంఖ్యను బట్టి తరువాతి గదిలో ఉపయోగపడే వస్తువులను గూర్చిన సమాచారము దొరికేది. బల్లమీద ఎన్ని వస్తువులున్నను రెండింటిని మాత్రమే వెంట తీసికొనవచ్చును. కనబడిన ఆహారమును భుజసంచిలో వేసికొనవలెను. లేనియెడల ప్రాణశక్తి తగ్గిపోవును. ఈ తగ్గుదలను ఒక కంప్యూటరు చిత్రము చూపేది. తొలి శ్రేణులలో అది శిరస్త్రాణము ధరించిన ముఖము. కాలము గడిచినకొలది పై చర్మము ఊడిపోయి చివరకు పుఱ్ఱె మిగిలేది.

మంత్రము సంపాదించినవారు దానిని ప్రయోగించుటకు ఆ మాటలోని అక్షరములను ఒక్కొక్కటిగా పలుకవలెను. ఇందువలన అక్షరక్రమము తెలియుట కూడ ఆటలో ఒక నేర్పుగా పరిగణింపబడినది.

ఒక జట్టు ఆట ఒక్క భాగములోనే ముగియవలెనను నియమము లేదు. సమయము కాగానే ఆట ఆగి, మరుసటి వారము అక్కడి నుండే కొనసాగేది. ఒక జట్టు ఓడిన వెంటనే, అదే భాగములో మరొక జట్టు ప్రవేశించేది.

చిత్రముల కూర్పు

ఈ కార్యక్రమమునకు ఆధారమైన పద్ధతి పేరు క్రోమా కీ. నేల, గోడలు అంతటా నీలిరంగు వేసిన గదిలో మనిషిని నిలిపి కెమెరాతో చిత్రిస్తారు. ఆ చిత్రములో నీలిరంగు ఉన్న ప్రతిచోటను తొలగించి, అక్కడ మరొక చిత్రమును ఉంచుతారు. అప్పుడు మనిషి ఆ రెండవ చిత్రములో నిలిచినట్లు కనిపించును. చర్మపు రంగునకు నీలము దూరముగా ఉండుటచే ఆ రంగును ఎన్నుకొంటారు. అదే నీలపు దుస్తులు వేసికొన్నచో ఆ భాగము కూడ మాయమగును. టెలివిజన్‌లో వాతావరణ సూచన చెప్పువారి వెనుక పటము కనబడుటకు కూడ ఇదే పద్ధతి వాడినారు.

తొలి శ్రేణులలోని గదులలో అధికభాగమును చిత్రకారుడు డేవిడ్ రో చేతితో, ఎయిర్‌బ్రష్ సాయముతో చిత్రించినారు. ఆ చిత్రములను కంప్యూటరులోనికి ఎక్కించి, మార్పులు చేర్పులు చేసి, నీలి గదిలో నడచు పిల్లలతో కలిపినారు. వెనుకనున్న చిత్రము కదలనిది కావున కెమెరా కూడ కదలరాదు. అందుచే ప్రతి గది ఒకే కోణము నుండి, నాటకరంగమువలె కనిపించేది. ఒత్తి కాలుచున్న బాంబు, ఎదురుగా దూసుకువచ్చు రంపపు చక్రములు, విరిగిపడు నేల మొదలైనవి కూర్పులో చేర్చిన చిత్రములే. అన్వేషకుడు చేతితో పట్టుకొను వస్తువులు, అతనితో మాటలాడు నటులు మాత్రము నిజమైనవారు, నిజమైనవి.

శిరస్త్రాణము

ఈ కూర్పు తెరమీద మాత్రమే జరుగును. నీలి గదిలో నిలిచిన బాలునికి కోట లేదు, అగాధము లేదు, బాంబు లేదు. నాలుగు నీలి గోడలు మాత్రమే ఉండును. అతడు వానిని చూచినచో భ్రమ చెదరిపోవును. లేని గోతిని దాటుచున్నట్లు నటించమని పిల్లలను కోరవచ్చును. కాని అప్పుడు అది నాటకమగును, ఆట కాదు.

టిమ్ చైల్డ్ బృందము దీనికి వేరొక ఉపాయము చేసినది. అన్వేషకుని తలపై పెద్ద శిరస్త్రాణము పెట్టినారు. దాని అంచు క్రిందుగా ఉండుటచే తన పాదములు, చేతికి అందు వస్తువులు తప్ప అతనికి మరేమియు కనబడవు. కథలో ఇది నేలమాళిగ భయముల నుండి రక్షించు మాయా శిరస్త్రాణమని చెప్పినారు. ఈ విధముగా దాచవలసిన లోపమే ఆటకు నియమమైనది. అన్వేషకుడు భయము నటించనక్కరలేదు. స్నేహితుల గొంతులోని తొందరయే అతనికి నిజమైన భయము.

దీని ఫలితముగా జట్టు గెలుపు ధైర్యముకంటె మాటల స్పష్టతపై ఆధారపడినది. అన్వేషకుడు కెమెరావైపు తిరిగి ఉన్నప్పుడు చూచువారి కుడి అతనికి ఎడమ అగును. ముగ్గురు ఒకేసారి మాటలాడినచో అతనికి ఏదియు అర్థము కాదు. 'అటు' అన్న మాటకు అర్థమే లేదు. ఎన్ని అడుగులో, ఏ వైపో, ఎక్కడ ఆగవలెనో చెప్పవలెను. తెలివైన జట్లు కూడ కుడి ఎడమల తికమకలో అన్వేషకుని అగాధములో పడవేసిన సందర్భములు ఉన్నవి. అన్వేషకుని వైపు నుండి కావలసినది మరొకటి: తనకు కనబడని చోట, ఇతరుల మాటను నమ్మి అడుగు వేయుట.

పాత్రలు

ట్రెగార్డ్ పాత్రను హ్యూగో మయట్ ఎనిమిది శ్రేణులలోను ధరించినారు. ఇతడు జట్టుకు పూర్తిగా మిత్రుడు కాడు, శత్రువు కాడు. నియమములను కాపాడుచు, అవసరమైనప్పుడు సూచన చేయును. తొలి శ్రేణులలో మాంత్రికుడు మెర్లిన్, దుష్టుడు మోగ్‌డ్రెడ్ పాత్రలు రెండింటిని జాన్ వుడ్‌నట్ పోషించినారు. నాలుగవ శ్రేణి (1990) నుండి ట్రెగార్డ్‌కు సహాయకునిగా పికిల్ అను పాత్రలో డేవిడ్ లెర్నర్, ఏడవ శ్రేణి (1993) నుండి మజీదా పాత్రలో జాకీ సవీరిస్ నటించినారు. అయిదవ శ్రేణి (1991)లో ప్రవేశించిన ప్రతినాయకుడు లార్డ్ ఫియర్ పాత్రధారి మార్క్ నైట్.

కాలక్రమములో మార్పులు

నాలుగవ శ్రేణి నుండి చేతి చిత్రములతో పాటు నిజమైన కోటల, శిథిలముల, అడవుల దృశ్యములను నేపథ్యములుగా వాడినారు. ఒక చోటు నుండి మరొక చోటికి పోవుటను ముందుగా చిత్రీకరించిన దృశ్యములతో చూపినారు. అన్వేషకుడు మోయు డాలుకు ఉన్న కన్ను వానిని చూపుచున్నట్లు కథలో చెప్పినారు. ఎనిమిదవ శ్రేణి (1994)లో పూర్తిగా కంప్యూటరుతో నిర్మించిన గదులు వచ్చినవి. ఏడేండ్లలో చేతి చిత్రము నుండి ఛాయాచిత్రమునకు, అక్కడి నుండి కంప్యూటరు చిత్రమునకు కార్యక్రమము మారినది. శిరస్త్రాణము మాత్రము మారలేదు.

తొలి శ్రేణిలో 8 భాగములు, రెండు నుండి అయిదవ శ్రేణి వరకు ఒక్కొక్క దానిలో 16, ఆరు, ఏడు శ్రేణులలో 15 చొప్పున, చివరి దానిలో 10 భాగములు ఉన్నవి.

గెలుపోటములు

ఎనిమిది శ్రేణులలో కలిపి లక్ష్యమును సాధించిన జట్లు ఎనిమిది మాత్రమే. తొలి శ్రేణిలో ఒక్క జట్టు కూడ గెలువలేదు. పిల్లల పోటీలలో పాల్గొన్న ప్రతివారికి ఏదో ఒక బహుమతి లభించుట పరిపాటి. ఇందులో ఓడినవారు నిజముగా ఓడిపోయేవారు. పిల్లలను ఈ విధముగా గౌరవించుటయే, పెద్దవారైన తరువాత కూడ ప్రేక్షకులు దీనిని మరువకపోవుటకు ఒక కారణముగా చెప్పవచ్చును.

ఇతర రూపములు

ఫ్రాన్సులో 'ల్ షెవాలియే ద్యు లాబిరింత్', స్పెయిన్‌లో 'ఎల్ రెస్కాతే దెల్ తలిస్మాన్' అను పేర్లతో 1990ల తొలినాళ్ళలో దీని అనుసరణలు వచ్చినవి. దీని ఆధారముగా కంప్యూటరు ఆటలు, డేవ్ మోరిస్ రచించిన పుస్తకములు వెలువడినవి. 2000ల తొలి సంవత్సరములలో అన్వేషకుని కూడ కంప్యూటరు బొమ్మగా మార్చి ఒక ప్రయోగము చేసినారు. అది పూర్తి శ్రేణిగా రాలేదు. 2013లో యూట్యూబ్ కొరకు ఒక ప్రత్యేక భాగము తయారైనది. హ్యూగో మయట్ అందులో తిరిగి ట్రెగార్డ్‌గా కనిపించినారు. అదే సంవత్సరము ఎడిన్‌బరో ఫ్రింజ్ ఉత్సవములో 'నైట్‌మేర్ లైవ్' అను రంగస్థల రూపము ప్రదర్శింపబడినది.

తరువాతి కార్యక్రమములు

నైట్‌మేర్ తరువాత బ్రిటన్‌లో నిజ నటులను, కంప్యూటరు చిత్రములను కలిపిన పిల్లల కార్యక్రమములు అనేకము వచ్చినవి. బ్రిటన్, కెనడా సంస్థలు కలిసి నిర్మించిన 'ఏస్ లైట్నింగ్' (2002-2004)లో వీడియో ఆటలోని వీరుడు, దుష్టులు కంప్యూటరు బొమ్మలుగా ఒక బాలుని ఊరిలోనికి వస్తారు. చిన్నపిల్లల కొరకు 2014లో మొదలైన 'ఆండీస్ డైనోసార్ అడ్వెంచర్స్'లో ఒక యువకుడు కంప్యూటరుతో నిర్మించిన డైనోసార్ల నడుమ తిరుగును. వీనిలో నటులకు ఏమి జరుగునో ముందే తెలియును. తెరమీద ఉన్నవానిని చూచినట్లు నటించుట వారి పని. నైట్‌మేర్‌లోని పిల్లలు నటులు కారు. వారికి కనబడనిది నిజముగానే కనబడలేదు, వారు నమ్మినది స్నేహితుల మాటను మాత్రమే. ఈ తరగతి కార్యక్రమములలో నైట్‌మేర్‌కు గల ప్రత్యేకత ఇదియే.