డిస్కు ప్రతిబింబాలు : నిన్న, నేడు, రేపు

పూర్వం తాటాకు గ్రంథం శిథిలం కాకముందే దానికి మరొక ప్రతి వ్రాయించేవారు. ఎన్నో కావ్యాలు మనదాకా వచ్చినవంటే ఆ వ్రాయసగాండ్ర చలవే. తాటాకును చదవడానికి వెలుతురు, లిపిజ్ఞానం, భాషాజ్ఞానం ఉంటే చాలును. కంప్యూటరు డిస్కు సంగతి అట్లా కాదు. దానిలోని వ్రాతను చదవాలంటే తగిన యంత్రం ఉండాలి. ఆ యంత్రాన్ని నడిపించే ప్రోగ్రాములు ఉండాలి. అది తెలుగు వ్రాత అయితే దానికి తగిన ఫాంటు కూడా ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగిలినవన్నీ ఉండీ లేనట్లే.

కొన్నేండ్ల క్రితం సిద్దిపేటలో ఒక డి.టి.పి. దుకాణానికి పోయినాను. 1990ల చివర అక్కడ అచ్చుకు సిద్ధం చేసిన ఒక కవితా సంకలనం కావలసి వచ్చింది. యజమాని మూలనున్న పాత పెట్టెను చూపి, "అండ్లనే ఉన్నది సార్, గాని అది లేస్తలేదు" అన్నాడు. దాని హార్డుడిస్కును విప్పి తెచ్చి మరొక కంప్యూటరుకు తగిలించినాను. ఫైలు కనబడింది. తెరిచి చూస్తే అందులో తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, ఏవేవో గుర్తులు కలగాపులగంగా ఉన్నవి. కవితలు కళ్ళ ముందే ఉన్నవి, చదవడానికి మాత్రం రావు!

ఇట్టి చిక్కుకు ఈనాడు మన చేతిలో ఉన్న సాధనం 'డిస్కు ప్రతిబింబం'. అది ఎట్లా పుట్టింది, ఎట్లా పెరిగింది, ఇకముందు ఏ గుణాలు సంతరించుకోవాలి అనే విషయాలు విచారిద్దాం.

ఒక యంత్రంలో పదునాలుగు యంత్రాలు

1960లలో కంప్యూటరు ఖరీదు మనిషికొకటి ఇచ్చేటంతటి చవక కాదు. అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఐ.బి.ఎం. సంస్థ శాస్త్రజ్ఞులు రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో మున్నగువారు 1964లో ఒక చిత్రమైన పని తలపెట్టినారు. ఉన్న ఒక్క యంత్రాన్నే పలువురికి ఇస్తూ, ఎవరికివారు "ఈ యంత్రమంతా నాదే" అనుకొనేటట్లు చేయడం ఆ పని. 1967 జనవరి నాటికి వారి సి.పి.-40 అనే ఏర్పాటు వాడుకలోకి వచ్చింది. అందులో ఏకకాలంలో 14 కల్పిత యంత్రాలు నడిచేవి.

యంత్రాన్ని పంచిన తరువాత డిస్కును కూడా పంచాలి గదా! ఒక పెద్ద డిస్కును ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్కరికి పూర్తి డిస్కుగా చూపినారు. అన్నదమ్ములు పొలం పంచుకొన్న తరువాత ఎవరి మళ్ళకు వారు ఒకటి నుండి లెక్క పెట్టుకొన్నట్లు, ప్రతి ముక్కకు దాని సొంత లెక్క ఉండేది. ఈ 'మినీడిస్కు'లే నేటి డిస్కు ప్రతిబింబాలకు పూర్వులు. 1972లో ఐ.బి.ఎం. వి.ఎం.-370 పేరుతో ఈ పద్ధతిని అందరికీ అందించింది.

అదే 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. వెలసింది. తెలుగువారైన డాక్టర్ ఎ. ఎస్. రావుగారి సారథ్యంలో ఆ సంస్థ మన దేశపు కంప్యూటర్లను తయారుచేసింది. టి.డి.సి.-12 అనే యంత్రం 1969 నాటిది. అట్టి యంత్రాలు ఈనాడు వాడుకలో లేవు. ఒక జాతి యంత్రం అంతరించగానే దాని కొరకు వ్రాసిన ప్రోగ్రాములన్నీ దిక్కులేనివి అవుతాయి. ఇది ఒక్క మన దేశపు కథ కాదు. లోకమంతటా ఇదే జరిగింది.

డిస్కు ఫైలుగా మారింది

మెండెల్ రోజెన్‌బ్లమ్, డయాన్ గ్రీన్, మరి ముగ్గురు కలిసి 1998లో వి.ఎం.వేర్ సంస్థను స్థాపించి, 1999లో మామూలు బల్లమీది కంప్యూటరులోనే కల్పిత యంత్రాన్ని నడిపి చూపినారు. ఇక్కడ డిస్కు ఒక మామూలు ఫైలు అయింది. లోపలి యంత్రానికి అది డిస్కు. బయటివారికి అది నకలు తీసుకొని దాచుకోదగిన ఒక ఫైలు. దీనినే డిస్కు ప్రతిబింబం అంటున్నాము.

2003లో ఫ్రాన్సు దేశీయుడు ఫాబ్రిస్ బెల్లార్డ్ 'క్యూఎము' అనే ప్రోగ్రామును వెలువరించినాడు. ఇది తానున్న యంత్రాన్నే గాక వేరే జాతి యంత్రాలను కూడా అనుకరించగలదు. ప్రతిబింబాలను తయారుచేసి సరిచూచే పనిముట్టు కూడా దానితో కలదు. ఈ కుటుంబంలోని 'క్యూకౌ-2' అనే ఫైలు పద్ధతి ఎట్లా పనిచేస్తుందో చూద్దాం.

40 గిగాబైట్ల డిస్కులో 6 గిగాబైట్ల సమాచారమే ఉన్నదనుకోండి. ఖాళీ స్థలాన్ని కూడా దాచడం దండుగ. అందుచేత డిస్కును మామూలుగా 64 కిలోబైట్ల గడులుగా విభజిస్తారు. ఏ గడి ఫైలులో ఎక్కడ ఉన్నదో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. వ్రాత ఉన్న గడికే చోటు దక్కుతుంది. ఖాళీ గడికి పట్టికలో "లేదు" అన్న గుర్తు చాలును.

ఇంకొక సదుపాయం కలదు. పటం మీద పలుచని కాగితం పరచి, మార్పులను ఆ కాగితం మీదనే గీసుకొన్నట్లు, ఒక మూల ప్రతిబింబం మీద మార్పులు మాత్రమే దాచే పై పొరను పెట్టవచ్చును. తరగతిలో 30 మంది ఉన్నారనుకోండి. ఒక్కొక్కరికి 20 గిగాబైట్ల డిస్కు ఇస్తే మొత్తం 600 అవుతుంది. మూలం ఒక్కటే ఉంచి, ఒక్కొక్కరి మార్పులు 1 గిగాబైటు అనుకొంటే 50తో సరిపోతుంది. విద్యార్థి ఎంత చెడగొట్టినా మూలం చెక్కుచెదరదు.

ఇట్టి పద్ధతులు సంస్థకొకటి పుట్టినవి. వాటి పరిమితులు కూడా వేరువేరు. మైక్రోసాఫ్టువారి వి.హెచ్.డి. సుమారు 2 టెరాబైట్ల దగ్గర ఆగిపోతుంది. 2012లో వచ్చిన వి.హెచ్.డి.ఎక్స్. 64 టెరాబైట్ల దాకా పోతుంది. కరెంటు హఠాత్తుగా పోతే నిర్మాణం చెదరకుండా చిట్టా కూడా వ్రాసుకొంటుంది. యంత్రాన్ని నడపకుండానే ప్రతిబింబంలోని ఫైళ్ళను చదివే 'లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్' అనే సాధనాన్ని 2009లో రిచర్డ్ జోన్స్ వెలువరించినాడు.

తెలుగు వ్రాతల చిక్కు

ఇప్పుడు మన దుకాణం డిస్కు దగ్గరికి వద్దాం. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ 'ఇస్కీ' సంకేతాన్ని ప్రమాణంగా ప్రకటించింది. అదే సంవత్సరం వచ్చిన యూనికోడ్‌లోనూ తెలుగుకు స్థానం దొరికింది. కాని విండోస్‌లో యూనికోడ్ తెలుగు 2001 నాటి ఎక్స్.పి.తో గాని రాలేదు. అచ్చుపని అంతదాకా ఆగుతుందా? అను వంటి ఫాంట్లతో పేజ్‌మేకరులో పని జరిగిపోయింది. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంఖ్యల స్థానంలో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చినవి. 'యో' అనే అక్షరం ఒక్కటిగా ఉండదు. మొండెం ఒక గుర్తు, గుణింతం మరొక గుర్తు. ఆ ఫాంటు లేనిచోట ఆ సంఖ్యలు ఇంగ్లీషు అక్షరాలుగానే కనబడతాయి. పేజ్‌మేకరు కూడా 2001 నాటి ఏడవ కూర్పుతో ఆగిపోయింది.

కనుక ఒక్క ఫైలును కాపాడితే చాలదు. డిస్కు మొత్తాన్ని కాపాడాలి. ఆ డిస్కుకు ప్రతిబింబం తీసి క్యూఎములో పెట్టినాను. విండోస్ 98 కొత్త పరికరాలను చూచి కొంతసేపు పేచీ పెట్టింది, తరువాత లేచింది. పేజ్‌మేకరు తెరిస్తే కవితలు తెలుగులో కనబడినవి!

ఆ సంతోషం సగమే. డిస్కులో కొంత భాగం అప్పటికే చెడిపోయింది. సంకలనంలోని చివరి రెండు కవితలు రాలేదు. అంతకన్న పెద్ద తప్పు నాది. ఏయే భాగాలు చదవలేకపోయామో నేను వ్రాసి ఉంచలేదు. ఆ తరువాత డిస్కు పూర్తిగా ఆగిపోయింది. మిగిలిన ఫైళ్ళలో ఏది నిజంగా ఖాళీయో, ఏది నా ప్రతిలో లోపించిందో ఈనాడు చెప్పలేను.

రేపటి పనిముట్టు

ఈ అనుభవం వలన భావి పనిముట్టుకు ఉండవలసిన గుణాలు కొన్ని తోస్తున్నవి.

మొదటిది, ప్రతిలోనే దాని చరిత్ర ఉండాలి. పూర్వపు వ్రాయసగాడు గ్రంథం చివర తన పేరు, కాలం వ్రాసి, తప్పులుంటే మన్నించుమని కోరేవాడు. 2004లో వచ్చిన డి.డి.రెస్క్యూ అనే సాధనం చదివిన, చదవలేని భాగాల పటాన్ని తయారుచేస్తుంది, కాని అది వేరే ఫైలు, విడిపోతే అంతే. ఆ పటం, ప్రతి తీసిన తేదీ, మూల యంత్రం వివరాలు, కావలసిన ఫాంట్ల పేర్లు ప్రతిబింబంలోనే ఇమిడి ఉండాలి.

రెండవది, సరిచూపు. ఖాతాపుస్తకంలో ప్రతి పుట అడుగున మొత్తం వేస్తే తప్పు ఏ పుటలో ఉన్నదో తెలుస్తుంది. క్యూకౌ-2ను సరిచూచే ఆజ్ఞ పట్టికల పొందికను మాత్రమే చూస్తుంది; గడిలోని వ్రాత మారితే పట్టుకోలేదు. ప్రతి గడికి ఒక సరిచూపు సంఖ్యను దాచినట్లయితే పదేండ్ల తరువాత కూడా ప్రతి చెడలేదని నిర్ధారించవచ్చును.

మూడవది, తెలుగులో వెదకడం. ప్రతిబింబాన్ని మార్చకుండా లోపలి ఫైళ్ళను చదివి, పాత ఫాంట్ల వ్రాతను యూనికోడ్‌లోకి మార్చి, ఒక మాట ఏ ఫైలులో ఉన్నదో చూపాలి. ఫాంటుకొక పట్టిక కావాలి కనుక ఇది శ్రమతో కూడిన పని. తెలుగు వచ్చినవారు పూనుకోక ఇది జరగదు.

నాలుగవది, గోప్యత. ఫైలును తుడిచివేస్తే దాని పేరు పోతుంది, వ్రాత వెంటనే పోదు. ప్రతిబింబంతో పాటు యజమాని ఎప్పుడో తుడిచిన ఉత్తరాలు, లెక్కలు కూడా వస్తాయి. కనుక ముద్ర వేసి దాచే మూలం ఒకటి, ఖాళీ స్థలాన్ని శుభ్రపరచి నలుగురికి ఇచ్చే ప్రతి ఒకటి — రెండింటినీ ఒకే ఆజ్ఞతో ఇవ్వగలగాలి.

అయిదవది, కావలసిన గడులనే దూరం నుండి తెప్పించుకోవడం. డాక్టర్ రాజ్‌రెడ్డిగారు 1969లో చేరిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోనే మహదేవ్ సత్యనారాయణన్ నాయకత్వాన 'ఆలివ్' అనే పథకం ఈ దారిని చూపింది. ప్రతిబింబమంతా దించుకోకుండానే పాత ప్రోగ్రామును నడిపించవచ్చని అది నిరూపించింది. ఇట్టి సదుపాయం సాధారణ పనిముట్లలోకి వస్తే మారుమూల పాఠశాల కూడా పాత తెలుగు వ్రాతలను చూడగలుగుతుంది.

ఇవన్నీ వచ్చేదాకా చెడిపోయే డిస్కులు ఆగవు. మీ ఊరి అచ్చుకూటంలో, డి.టి.పి. దుకాణంలో, పాఠశాల బీరువాలో పాత కంప్యూటరు ఉన్నదేమో విచారించండి. యజమాని అనుమతి తీసుకోండి. డిస్కు మీద ఏమీ వ్రాయకుండా మొదట ప్రతిబింబం తీయండి. ఏది చదవరాలేదో తప్పక వ్రాసి ఉంచండి. అందులో ఏ ఊరి చరిత్ర, ఏ కవి వ్రాతప్రతి ఉన్నదో తెరిచి చూస్తేగాని తెలియదు.