పాత ఆటల టీవీ ఛానెళ్లు

ఎప్పుడో ముగిసిన క్రీడాపోటీల రికార్డింగులనే ప్రధాన కార్యక్రమంగా ప్రసారం చేసే టెలివిజన్ ఛానెళ్లను పాత ఆటల ఛానెళ్లు లేదా క్లాసిక్ స్పోర్ట్స్ ఛానెళ్లు అంటారు. వీటిలో బాగా పేరుపడినది అమెరికాలో 1995లో మొదలైన క్లాసిక్ స్పోర్ట్స్ నెట్‌వర్క్. అదే తర్వాత ఈఎస్‌పీఎన్ క్లాసిక్ అయింది. భారతదేశంలో ఈ పని ఎక్కువగా మామూలు క్రీడా ఛానెళ్లే, ప్రత్యక్ష ప్రసారాలు లేని వేళల్లో చేస్తూ వచ్చాయి. తెలుగులో కేవలం ఇందుకోసమే ఒక ఛానెల్ రాలేదు. ఆటను ఎవరు రికార్డు చేశారు, ఆ టేపును ఎవరు దాచారు, దానిపై హక్కు ఎవరిది అన్న మూడు ప్రశ్నల చుట్టూనే ఈ ఛానెళ్ల చరిత్ర నడిచింది.

టేపుకు ముందు, టేపు వచ్చాక

తొలినాళ్లలో టీవీ ప్రసారాన్ని దాచుకోవాలంటే టీవీ తెర ముందు ఫిల్మ్ కెమెరా పెట్టి చిత్రీకరించేవారు. దీన్ని కినిస్కోప్ అనేవారు. 1956లో ఆంపెక్స్ సంస్థ రెండంగుళాల వీడియో టేపు యంత్రాన్ని తెచ్చింది. టేపు ఖరీదైనది కావడంతో దానిమీద ఉన్నది చెరిపేసి కొత్త కార్యక్రమం ఎక్కించడం ప్రపంచంలోని చాలా టీవీ సంస్థల్లో మామూలైపోయింది. బీబీసీ, దూరదర్శన్ కూడా ఇందుకు మినహాయింపు కాదు. ఆట అయిపోయాక దాన్ని మళ్లీ ఎవరు చూస్తారన్నదే అప్పటి ఆలోచన.

ఆ ఆలోచన వల్ల జరిగిన నష్టం పెద్దది. 1967 జనవరి 15న జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ తుదిపోరు అయిన మొదటి సూపర్ బౌల్‌ను సీబీఎస్, ఎన్‌బీసీ రెండూ ప్రత్యక్షంగా చూపించాయి. పూర్తి ప్రసారాన్ని రెండింటిలో ఏదీ దాచలేదు. విడిగా తీసిన ఫిల్మ్ ముక్కలన్నీ వరసగా అతికించి, 2016లో ఆ ఆట లీగు అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ సొంత ఛానెల్ ఎన్‌ఎఫ్‌ఎల్ నెట్‌వర్క్ ఆ ఆటను మళ్లీ తెరమీదికి తెచ్చింది.

పోయిందనుకున్నది దొరికిన సందర్భాలూ ఉన్నాయి. 1960 అక్టోబరు 13న పిట్స్‌బర్గ్ పైరేట్స్, న్యూయార్క్ యాంకీస్ మధ్య బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ఏడో ఆట జరిగింది. పైరేట్స్ జట్టులో వాటా ఉన్న గాయకుడు బింగ్ క్రాస్బీ, తాను చూస్తే జట్టు ఓడిపోతుందేమోనన్న భయంతో పారిస్ వెళ్లిపోయి రేడియోలో విన్నారు. గెలిస్తే తిరిగొచ్చి చూసుకుందామని ఒక సంస్థకు డబ్బిచ్చి ప్రసారాన్ని కినిస్కోప్ తీయించారు. పైరేట్స్ 10-9తో గెలిచింది. ఆ ఫిల్మ్ డబ్బాలు 2009 డిసెంబరులో ఆయన ఇంటి నేలమాళిగలో బయటపడ్డాయి. ఏడాది తిరిగేసరికి బేస్‌బాల్ లీగు ఛానెల్ ఎంఎల్‌బీ నెట్‌వర్క్ ఆ ఆటను ప్రసారం చేసింది. ప్రసార సంస్థలు చేయని పని ఒక అభిమాని చేసిపెట్టాడు.

ఈఎస్‌పీఎన్ క్లాసిక్

బ్రయాన్ బెడోల్, స్టీవ్ గ్రీన్‌బర్గ్ కలిసి 1995లో క్లాసిక్ స్పోర్ట్స్ నెట్‌వర్క్‌ను ప్రారంభించారు. కేబుల్ టీవీ విస్తరిస్తూ, ఛానెళ్ల సంఖ్య పెరుగుతున్న కాలమది. ప్రత్యక్ష ప్రసార హక్కులకు పెద్ద సంస్థలు కోట్లు కుమ్మరిస్తుంటే, వీరు ఎవరూ పట్టించుకోని పాత రికార్డింగుల హక్కులు కొన్నారు. మహమ్మద్ అలీ బాక్సింగ్ పోటీల వంటివి కొత్త తరానికి పూర్తిగా చూసే వీలు దక్కింది. 1997లో ఈఎస్‌పీఎన్ ఈ ఛానెల్‌ను కొని, మరుసటి ఏడాది ఈఎస్‌పీఎన్ క్లాసిక్ అని పేరు మార్చింది. ఇదే పేరుతో 2001లో కెనడాలో, ఆ తర్వాత ఐరోపాలో, 2006లో బ్రిటన్‌లో ఛానెళ్లు వచ్చాయి.

ఈ ఛానెళ్ల క్షీణతకు రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, లీగులు సొంత ఛానెళ్లు పెట్టుకోవడం. బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ 1999లో, ఎన్‌ఎఫ్‌ఎల్ 2003లో, ఎంఎల్‌బీ 2009లో టీవీ ఛానెళ్లు తెచ్చాయి. తమ పాత ఆటల విలువ తెలిసొచ్చాక వాటిని బయటివారికి అమ్మాల్సిన అవసరం లీగులకు తగ్గింది. రెండోది, 2005లో వచ్చిన యూట్యూబ్. కావలసిన ఓవరో, గోలో వెతుక్కుని చూసే వీలు దొరికాక, ఛానెల్ వేసేదాకా ఎదురుచూసేవారు తగ్గారు. బ్రిటన్ ఛానెల్ 2013లో, అమెరికా ఛానెల్ 2021 చివర్లో మూతపడ్డాయి.

భారతదేశంలో

మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైంది. 1982 నవంబరు, డిసెంబరుల్లో జరిగిన ఢిల్లీ ఆసియా క్రీడలు దేశానికి రంగుల ప్రసారాన్ని, క్రీడా ప్రసారాల రుచిని కలిపి అందించాయి. అంతకుముందు జరిగినవాటిలో టీవీ రికార్డింగుగా మిగిలినవి బహు కొద్ది.

కెమెరా లేకపోతే ఏమవుతుందో 1983 క్రికెట్ ప్రపంచకప్ చెబుతుంది. జూన్ 18న ఇంగ్లండ్‌లోని టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వేపై భారత్ 17 పరుగులకే 5 వికెట్లు పోగొట్టుకుంది. అక్కణ్నుంచి కపిల్‌దేవ్ 16 ఫోర్లు, 6 సిక్సర్లతో 138 బంతుల్లో 175 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచారు. జట్టు స్కోరు 266కు చేరింది. ఆ ఇన్నింగ్స్‌కు వీడియో లేదు. చూసినవారి మాటలు, స్కోరు పుస్తకం, కొన్ని ఫొటోలు మాత్రమే ఆధారం. 2021లో వచ్చిన ‘83’ సినిమా దాన్ని నటులతో మళ్లీ ఆడించాల్సి వచ్చింది.

1990ల్లో ఉపగ్రహ ఛానెళ్లు రావడంతో హక్కుల పోరు మొదలైంది. 1993 హీరో కప్ క్రికెట్ ప్రసార వివాదంలో సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు ఇస్తూ, ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. 1996లో ఈఎస్‌పీఎన్, స్టార్ స్పోర్ట్స్ చేతులు కలిపాయి. దూరదర్శన్ 1998 మార్చి 18న డీడీ స్పోర్ట్స్‌ను తెచ్చింది. రోజంతా నడవాల్సిన ఈ ఛానెళ్లకు అంతసేపు ప్రత్యక్ష పోటీలు దొరకవు. ఆ ఖాళీని నింపినవి పాత మ్యాచ్‌లే. జాతీయ ప్రాముఖ్యమున్న పోటీల సిగ్నల్‌ను దూరదర్శన్‌ను నడిపే ప్రసారభారతితో పంచుకోవాలని 2007లో చట్టం వచ్చింది. అయితే అది ప్రత్యక్ష ప్రసారానికి సంబంధించినది. రికార్డింగు భద్రత సంగతి ఎవరికి వారికే మిగిలింది.

పాత ఆటల విలువ దేశమంతటికీ తెలిసొచ్చింది 2020లో. కొవిడ్ లాక్‌డౌన్‌తో మైదానాలు మూతపడ్డాయి. క్రికెట్ బోర్డుతో కలిసి డీడీ స్పోర్ట్స్ ఏప్రిల్ 7 నుంచి 14 వరకు, 2000 తర్వాతి భారత మ్యాచ్‌ల ముఖ్యాంశాలు వేసింది. 1999లో స్వదేశీ క్రికెట్ ప్రసార హక్కులు ప్రసారభారతికి దక్కడంతో ఆ కాలపు రికార్డింగులు అందుబాటులో ఉన్నాయి. స్టార్ స్పోర్ట్స్ భారత్-పాకిస్తాన్ ప్రపంచకప్ మ్యాచ్‌లు చూపించింది. ఆ కొద్ది వారాలు మన క్రీడా ఛానెళ్లన్నీ పాత ఆటల ఛానెళ్లే.

తెలుగువారి ఆటలు

టీవీ రాకముందే తెలుగు నేల గొప్ప ఆటగాళ్లను ఇచ్చింది. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన సీకే నాయుడు 1926లో బొంబాయి జింఖానాలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంసీసీ క్రికెట్ జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేశారు. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆ జట్లలో సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆడారు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977 అక్టోబరు 23న. కాబట్టి సొంత ఊళ్లో కూడా వారి ఆటను టీవీలో చూసినవారు లేరు.

తర్వాతి తరంవారు అదృష్టవంతులు. 2000 సెప్టెంబరులో సిడ్నీలో శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యారు. 2001 మార్చి 11న పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు. అదే రోజు కోల్‌కతాలో మొదలైన టెస్టులో హైదరాబాదీ వీవీఎస్ లక్ష్మణ్ 281 పరుగులు చేశారు. ఇవన్నీ రికార్డయ్యాయి. అయితే ఒక్కొక్కటి ఒక్కో సంస్థ చేతిలో ఉంది. ఒలింపిక్స్‌వి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీవి, క్రికెట్‌వి బోర్డువి, ప్రసారకర్తలవి. తెలుగువారి ఆటల చరిత్రంతా ఒక్కచోట దొరికే వీలు లేదు.

2018 డిసెంబరులో స్టార్ స్పోర్ట్స్ 1 తెలుగు రావడంతో క్రీడలకు తెలుగు వ్యాఖ్యానం రోజువారీ విషయమైంది. పాత టేపులమీద ఉన్నది ఎక్కువగా ఇంగ్లిషు, హిందీ వ్యాఖ్యానమే. వాటిని తెలుగులో చూపించాలంటే ఆ ఆటలు తెలిసిన తెలుగు వ్యాఖ్యాతలతో కొత్తగా చెప్పించాలి. ఇది చేయదగిన పనే.

ములుగు, వరంగల్ పరిసరాల్లో

ఈ సంగతులు ఒక ప్రాంతంలో ఎలా ఉన్నాయో చూద్దాం. తెలంగాణలో 2019 ఫిబ్రవరి 17న జిల్లా అయిన ములుగు ఒకప్పుడు వరంగల్ జిల్లాలో భాగం. అడవి పల్లెలు ఎక్కువగా ఉన్న ఇలాంటి ప్రాంతాలకు నెలనెలా రుసుము లేకుండా డీడీ స్పోర్ట్స్ అందే మార్గం, 2004 డిసెంబరులో మొదలై ఇప్పుడు డీడీ ఫ్రీ డిష్‌గా నడుస్తున్న సేవ. ఇంటర్నెట్ అంతంతమాత్రంగా ఉన్న పల్లెలో ఆన్‌లైన్ భాండాగారం కన్నా ఇంటి కప్పుమీది డిష్‌కు వచ్చే ఛానెలే నికరం.

దాచుకోదగిన ఆటలు ఈ ప్రాంతంలోనే జరిగాయి. 2021 సెప్టెంబరులో హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. 16న మహిళల 1500 మీటర్ల పరుగులో పంజాబ్‌కు చెందిన హర్మిలన్ బెయిన్స్ 4 నిమిషాల 5.39 సెకన్లలో గమ్యం చేరి, 2002 నుంచి సునీతా రాణి పేరిట ఉన్న 4 నిమిషాల 6.03 సెకన్ల జాతీయ రికార్డును చెరిపేశారు. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన జీవాంజి దీప్తి 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో పారా అథ్లెటిక్స్ టీ20 విభాగం (మేధోపరమైన వైకల్యం ఉన్నవారిది) 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచారు. ములుగు, ఏటూరునాగారం బడుల్లో పరుగు నేర్చుకునే పిల్లలకు ఈ పరుగులను మించిన పాఠం లేదు.

భద్రపరచడం

వీడియో టేపుకు ప్రధాన శత్రువు తేమ. ప్లాస్టిక్ పట్టీకి అయస్కాంత పొడిని అంటిపెట్టే జిగురు తేమ పీల్చుకుంటే టేపు చుట్టలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, పొడి రాలి యంత్రానికి అంటుకుంటుంది. అందుకే చల్లని, పొడి గదుల్లో ఉంచాలి. టేపు బాగున్నా దాన్ని ఆడించే పాత యంత్రాలు, విడిభాగాలు దొరకడం కష్టమవుతోంది. కాబట్టి డిజిటల్‌లోకి మార్చే పనికి గడువు ఉంది. మార్చాక ఏ తేదీ, ఏ ఊరు, ఎవరు ఆడారు అన్న వివరాలు రాయకపోతే అది ఉన్నా లేనట్టే, వెతికినా దొరకదు.

ప్రాముఖ్యం

ఈఎస్‌పీఎన్ క్లాసిక్ మూతపడినంత మాత్రాన పాత ఆటలపై ఆసక్తి పోలేదు. అది లీగుల సొంత ఛానెళ్లకు, ఫోన్ తెరలకు మారింది. క్రికెట్ వంటి డబ్బున్న ఆటలకు దాచేవారు ఉంటారు. జిల్లా కబడ్డీ, ఖోఖో, గిరిజన గురుకులాల క్రీడోత్సవాలకు అలాంటి దిక్కు లేదు. వాటిని చిత్రీకరించి వివరాలతో దాచడం ఇప్పుడు ఫోన్‌తోనే సాధ్యం. తెలుగులో ఎప్పుడైనా పాత ఆటల ఛానెల్ వస్తే, అందులో మన ఊళ్ల ఆట ఉంటుందా లేదా అన్నది, ఛానెల్ పెట్టేవారికన్నా ముందు ఈ రోజు మైదానం పక్కన కెమెరా పట్టుకున్నవారు తేల్చే విషయం.