కార్లోవీవారీ నుంచి కారెంపూడి దాకా

పల్నాటి వాళ్ళకు ఉత్సవం అనగానే గుర్తొచ్చేది కారెంపూడి. ఏటా కార్తీక అమావాస్యకు మొదలై రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ అయిదు రోజులపాటు అక్కడ వీరుల తిరునాళ్ళు జరుగుతాయి. పంబజోడు మోగుతుండగా వీరవిద్యావంతులు బ్రహ్మనాయుని కథ, బాలచంద్రుని కథ పాడతారు. వినడానికి మాచర్ల, గురజాల వైపు నుంచి రైతులూ కూలీలూ వస్తారు. పాడేవాళ్ళు మాలలు. కథలో కన్నమదాసు వాళ్ళవాడు. వినేవాళ్ళకు కథ ముందే తెలుసు. గాయకుడు ఒక ఘట్టం తప్పిపోతే పట్టుకోగలవాళ్ళు శ్రోతల్లోనే ఉంటారు. ఆ ఉత్సవంలో న్యాయనిర్ణేతల సంఘం వేరే ఉండదు.

ఉత్సవం అనే ఈ మాటనే మనం చలనచిత్రోత్సవాలకు కూడా వాడుతున్నాం. అక్కడ కథ ఒకరిది, చూసేది మరొకరు, తీర్పు చెప్పేది ఇంకొకరు. ఈ తేడాను మనసులో ఉంచుకుని రెండు తెలుగు చిత్రాల చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మొదటిది 1977లో మృణాల్ సేన్ తీసిన 'ఒక ఊరి కథ'. రెండవది 1979లో గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి'.

ఈ రెంటికీ పోలికలు చాలా ఉన్నాయి. ఇద్దరు దర్శకులూ బెంగాలీలు. రెండు కథలకూ మూలం అభ్యుదయ రచయితల ఉద్యమంతో సంబంధమున్న పెద్దల రచనలే. 'ఒక ఊరి కథ'కు ఆధారం ప్రేమ్‌చంద్ 'కఫన్', 'మా భూమి'కి ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. రెండూ తక్కువ డబ్బుతో, పెద్ద తారలు లేకుండా తెలంగాణ పల్లె జీవితం మీద తీసినవే. రెండూ నాటి చెకొస్లోవేకియాలోని కార్లోవీవారీ ఉత్సవానికి వెళ్ళాయి. మొదటిది 1978లో అక్కడ జ్యూరీ ప్రత్యేక బహుమతి పొందింది, రెండవది 1980లో ప్రదర్శితమైంది. అయినా ఒకటి జనంలోకి వచ్చింది, మరొకటి రాలేదు. ఎందువల్ల?

ముందు 'కఫన్' సంగతి చూద్దాం. ఈ కథ 1935 చివర ఉర్దూలోనూ, 1936లో హిందీలోనూ వెలువడింది. 1936 ఏప్రిల్‌లో లక్నోలో జరిగిన అఖిల భారత అభ్యుదయ రచయితల ప్రథమ మహాసభకు అధ్యక్షుడు ప్రేమ్‌చందే. మన సంఘం 1943లో తెనాలిలో తాపీ ధర్మారావుగారి అధ్యక్షతన ఏర్పడినప్పుడు ఆ వారసత్వాన్నే స్వీకరించింది. కానీ అదే ప్రేమ్‌చంద్ రాసిన ఈ కథలో ఆదర్శ శ్రామికుడు కనిపించడు. తండ్రీ కొడుకులిద్దరూ పనిదొంగలు. లోపల కోడలు ప్రసవవేదనతో చనిపోతుంటే బయట కూర్చుని, తవ్వి తెచ్చిన దుంపలు కాల్చుకు తింటారు. తాను లేచి లోపలికి వెళితే రెండవవాడు ఎక్కువ తినేస్తాడని కొడుక్కు భయం. శవానికి గుడ్డ కొనమని ఊరివాళ్ళిచ్చిన డబ్బును ఇద్దరూ తాగేస్తారు. రాత్రింబగళ్ళు కష్టపడే రైతుల స్థితి కూడా వీళ్ళకంటే పెద్దగా మెరుగ్గా లేని సమాజంలో ఇలాంటి మనస్తత్వం పుట్టడంలో ఆశ్చర్యం లేదని రచయితే కథ మధ్యలో ఆగి వ్యాఖ్యానిస్తాడు. కథకు ఆయువుపట్టు అక్కడే ఉంది.

మృణాల్ సేన్ పట్టుకున్నది ఈ వ్యాఖ్యనే. ఆయన చిత్రంలోని వెంకయ్య సోమరితనాన్ని సిద్ధాంతంగా మార్చుకున్నవాడు. పని చేస్తే బలిసేది ఆసామి, కనుక పనిచేసేవాడు మూర్ఖుడని అతని వాదం. కొడుకు కిష్టయ్య అతని నీడ. మూలకథలో కోడలి గురించి మనకు తెలిసేది ఆమె మూలుగూ, రచయిత చెప్పిన నాలుగు మాటలూ మాత్రమే. చిత్రంలో ఆమె నీలమ్మ అయింది. పెళ్ళి చేసుకుని ఆ కొంపకు వచ్చి, రెక్కలు ముక్కలు చేసుకుని, దాన్ని ఇల్లుగా మార్చాలని చూస్తుంది.

ఈ మార్పు గమనార్హమైనది. వెంకయ్యను సమ్మె చేసిన కార్మికుడిగా చూసి మురిసిపోయే విమర్శ ఒకటి ఉంది. పనిచేసే వర్గాన్ని అవమానించాడని కోపగించుకునే విమర్శ మరొకటి ఉంది. రెండూ నీలమ్మను మరచిపోయాయి. వెంకయ్య పని చేయననగలుగుతున్నది ఇంట్లో మరొకరు పని చేస్తున్నందువల్లనే. ఆసామి దోపిడీని తిరస్కరించినవాడు కోడలి కష్టాన్ని మాత్రం తిరస్కరించలేదు. 'కఫన్'లోని తండ్రీకొడుకులను చమార్లుగా చిత్రించిన తీరును తర్వాతి కాలంలో హిందీ దళిత విమర్శకులు తీవ్రంగా ప్రశ్నించారు. పేదరికాన్ని చూపడానికి ఒక కులాన్ని నిర్దయులుగా చూపవలసి వచ్చిందా అని అడిగారు. దానికి 'వర్గం' అనే ఒక్క మాటతో సమాధానం చెప్పి తప్పించుకోవడం మనకు తగదు.

శ్రమను కీర్తించే రాజ్యంలో జరిగిన ఉత్సవం, శ్రమను నిరాకరించేవాడి కథకు బహుమతి ఇవ్వడం విశేషమే. దేశంలోనూ దానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి లభించింది. కానీ ఇక్కడి థియేటర్లలో 1977 సంవత్సరం 'అడవి రాముడు'ది. 'ఒక ఊరి కథ' ఫిల్మ్ సొసైటీల సభ్యులు, పత్రికల విమర్శకులు మాట్లాడుకునే చిత్రంగానే మిగిలిపోయింది.

దీనికి కారణం పంపిణీదారుల వ్యాపార బుద్ధి మాత్రమేనని సరిపెట్టుకోలేం. మృణాల్ సేన్‌కు తెలుగు రాదు. వెంకయ్య పాత్ర ధరించిన వాసుదేవరావు కన్నడ నటుడు, 'చోమన దుడి'లో జాతీయ ఉత్తమ నటుడైన సమర్థుడు. నీలమ్మగా నటించిన మమతా శంకర్ బెంగాలీ. నటనలో లోపం లేదు. కానీ ఏ కూలివాడి కథ చెప్పారో ఆ కూలివాడి నుడికారం, పాట, ఎత్తిపొడుపు చిత్రం నిర్మాణంలో భాగం కాలేదు. ఊరు ఆ చిత్రానికి విషయాన్నిచ్చింది, గొంతు ఇవ్వలేదు.

'మా భూమి' దగ్గర పరిస్థితి మారింది. గౌతమ్ ఘోష్‌కు అదే మొదటి కథాచిత్రం. ఆయనకూ తెలుగు పరాయి భాషే. అయితే బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలుగా నిలిచారు. నర్సింగరావు తెలంగాణ పల్లెలో పుట్టి పెరిగిన కళాకారుడు. కిషన్ చందర్ నవల కథకు ఆధారం మాత్రమే అయింది. దాని చుట్టూ రైతాంగ సాయుధ పోరాటపు జ్ఞాపకాలు చేరాయి. సుద్దాల హనుమంతు రాసిన పశులకాపరి పిల్లవాడి పాట చేరింది. యాదగిరి కట్టిన పాటను గద్దర్ తెర మీద కనిపించి పాడారు. ఈ పాటలు సినిమా కోసం పుట్టినవి కావు. పోరాటంలో పుట్టి, జనం నోళ్ళలో ముప్పై ఏళ్ళు బతికి, తర్వాత సినిమాలోకి వచ్చాయి. పేరు కూడా కొత్తది కాదు. సుంకర, వాసిరెడ్డి రాసిన 'మా భూమి' నాటకాన్ని ప్రజానాట్యమండలి దళాలు కోస్తా జిల్లాల్లో ఊరూరా ఆడాయి, మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. చిత్రం కథ వేరైనా ఆ పేరు వినగానే ఒక తరం ప్రేక్షకులకు తమ యవ్వనం గుర్తొచ్చింది.

1980లో విడుదలైన ఈ చిత్రం హైదరాబాదులో ఉదయం ఆటలుగా చాలాకాలం నడిచింది. విదేశీ ఉత్సవాలు దాని కీర్తిని పెంచి ఉండవచ్చు, దాన్ని నిలబెట్టింది మాత్రం టికెట్టు కొని వచ్చిన జనం. ఆ అనుభవంతోనే నర్సింగరావు తర్వాత స్వయంగా దర్శకుడై 1988లో 'దాసి' తీశారు. దానికి అయిదు జాతీయ బహుమతులు వచ్చాయి. గడీలో బతుకు తెల్లారిపోయే ఆడబాపను కథకు కేంద్రంగా నిలిపిన ఆ చిత్రం, నీలమ్మ మిగిల్చిన ప్రశ్నకు కొంతవరకు జవాబు.

అంతమాత్రాన 'ఒక ఊరి కథ'ను తక్కువ చేసి, 'మా భూమి'ని నెత్తిన పెట్టుకోవడం న్యాయం కాదు. 'మా భూమి' మనకు తెలిసిన విజయాన్నీ త్యాగాన్నీ చెప్పి ఉత్తేజపరుస్తుంది. 'ఒక ఊరి కథ' మనం చూడదలచుకోని మనిషిని ఎదురుగా నిలబెడుతుంది. పోరాటంలోకి రాని పేదవాడు, చైతన్యం వికటించిన పేదవాడు కూడా దోపిడీ కన్న బిడ్డే. అతణ్ణి గురించి రాయడానికి మన రచయితలు ఇప్పటికీ జంకుతున్నారు. మొదటి చిత్రానికున్న సాహసం, రెండవ చిత్రానికున్న గొంతు ఒకచోట కలవాలి.

పల్నాటినే తీసుకోండి. తెర మీద మన ప్రాంతమంటే 'పల్నాటి యుద్ధం'. 1947లో ఒకసారి, 1966లో మరొకసారి తీశారు. నాయకురాలు, బ్రహ్మనాయుడు, కోడిపందెం అందరికీ తెలుసు. 1967లో సాగర్ కుడికాలువకు నీళ్ళు వదిలాక మెట్టచేలు మాగాణులైన కథ, పత్తి చేలల్లో, మిరప తోటల్లో నడుం వంచిన కూలీ ఆడవాళ్ళ కథ, కాలువ చివర నీరందని రైతు కథ మనలో ఎంతమంది రాశారు? కథ రాసినవాడు లేనిదే సినిమా తీసేవాడికి చేతికేం దొరుకుతుంది? మృణాల్ సేన్ తెలుగు పల్లెను తీయడానికి హిందీ కథ వెతుక్కోవలసి వచ్చిందంటే అందులో మన బాధ్యత ఏమీ లేదా?

రేపు ఏ నరసరావుపేట కుర్రవాడో కెమెరా పట్టుకుని అలాంటి చిత్రం తీస్తే, అది విదేశాలకు వెళ్ళాలి, బహుమతులూ తేవాలి. అక్కణ్ణించి తిరిగొచ్చాక మాత్రం ఒక రాత్రి కారెంపూడిలో తెర కట్టి చూపించాలి. తప్పు పట్టగలవాళ్ళు అక్కడే కూర్చుని ఉంటారు.