‘సెటిల్‌మెంట్’ పదం: తెలుగు నేలపై అర్థపరిణామం – వేములఘాట్ నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

ఆంగ్లం నుంచి తెలుగులోకి వచ్చిన పదాలను సమానార్థకాల పట్టికతో వివరించడం పరిపాటి. ‘సెటిల్‌మెంట్’ అనే మాటకు ఆ పద్ధతి చాలదు. ఆవాసం, శిస్తు నిర్ణయం, రాజీ, బాకీ పరిష్కారం, ఆస్తి దఖలు – ఇవన్నీ దానికి సమానార్థకాలే. కాని వీటిలో ఏ రెండూ తెలుగులో ఒకదానికొకటి పర్యాయాలు కావు. ఆంగ్లంలో ఒకే పదంలో ఒదిగిన ఈ అర్థాలు తెలుగు నేలపై వేర్వేరు కాలాల్లో, వేర్వేరు వ్యవస్థల ద్వారా ప్రవేశించాయి. ఆ క్రమాన్ని పరిశీలించి, మల్లన్నసాగర్ జలాశయంలో మునిగిన వేములఘాట్ గ్రామ చరిత్రకు అన్వయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదమూలం

‘సెటిల్’ క్రియకు మూలం పాత ఆంగ్లంలో ఆసనం అనే అర్థమున్న నామవాచకం. కూర్చోవడం నుంచి కుదురుకోవడం, కుదురుకోవడం నుంచి నివసించడం అనే అర్థాలు వచ్చాయి. తగవు తీర్చడం అనే అర్థం బలపడడానికి, సంధి చేయడం అనే అర్థం గల మరొక ప్రాచీన పదంతో ఏర్పడిన సాంకర్యం కూడా కారణమని పదచరిత్రకారులు భావిస్తారు. అంటే నివాసం, పరిష్కారం అనే రెండు ధారలు ఈ పదంలో కలిసిపోయాయి. తెలుగులో ఈ రెండు ధారలు ఎన్నడూ కలవలేదు. నివాసానికి ఊరు, పల్లె, పేట, పాలెం, గూడెం, తండా వంటి మాటలున్నాయి. వీటిలో చాలావరకు అక్కడ కుదురుకున్నవారెవరో, ఆ చోటు ఎటువంటిదో సూచిస్తాయి. పరిష్కారానికి తీర్పు, రాజీ, పైసలా అనే మాటలు వేరుగా ఉన్నాయి.

బందోబస్తు నుంచి దస్తావేజు దాకా

పాలనాపరంగా ‘సెటిల్‌మెంట్’ తెలుగువారికి మొదట భూమిశిస్తు రూపంలో పరిచయమైంది. 1793లో బెంగాల్‌లో అమలైన శాశ్వత శిస్తు విధానాన్ని 1802 నాటి 25వ రెగ్యులేషన్ మద్రాసు రాజధానికి విస్తరింపజేసింది. రైత్వారీ ప్రాంతాలలో ఏటేటా జరిగే లెక్కల పరిష్కారానికి జమాబందీ అనే మాట స్థిరపడింది. నైజాం రాజ్యంలో మొదటి సాలార్‌జంగ్ సంస్కరణల క్రమంలో సర్వే, బందోబస్తు కార్యక్రమాలు ప్రారంభమయ్యాయి. వాటి ఫలితంగా రూపొందిన సేత్వారు నేటికీ తెలంగాణ భూవివాదాలలో మూలపత్రంగా నిలుస్తున్నది.

బందోబస్తు పారసీక పదం. కట్టి బిగించడం దాని మూలార్థం. 1855లో ప్రచురితమైన విల్సన్ రెవెన్యూ పదకోశంలో ఇది శిస్తు నిర్ణయార్థంలో నమోదైంది. నేటి తెలుగులో రెవెన్యూ అర్థం వాడుకలో వెనుకబడి, పోలీసు ఏర్పాటు అనే అర్థం ముందుకు వచ్చింది. బందోబస్తు ఖాళీ చేసిన స్థానంలోకి ఆంగ్లపదం నేరుగా ప్రవేశించింది. కుటుంబసభ్యులకు ఆస్తిని దఖలుపరచే పత్రం ‘సెటిల్‌మెంట్ దస్తావేజు’ అయింది. ఉద్యోగి విరమించినప్పుడు లెక్క తేల్చడం ‘ఫైనల్ సెటిల్‌మెంట్’ అయింది. బలవంతులు న్యాయస్థానం వెలుపల తీర్చే తగవు కూడా ‘సెటిల్‌మెంట్’ అనే పేరే పొందింది.

నివాసార్థం: రెండు అపవాదాలు

తెలుగు వాడుకలో నివాసార్థం క్షీణించినా రెండుచోట్ల నిలిచింది. మొదటిది నేరస్థ తెగల చట్టం కింద ఏర్పడిన స్టువర్టుపురం వంటి కేంద్రాలు. 1911 నాటి చట్టం తరువాత సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఎరుకల కుటుంబాలను అక్కడ ఉంచారు. అక్కడ ‘సెటిల్‌మెంట్’ అంటే అనుమతి లేకుండా కదలరాని చోటు.

రెండవది ‘సెటిలర్’ అనే మాట. 1931 నాటికి పూర్తయిన నిజాంసాగర్ ఆయకట్టు కింద కోస్తా జిల్లాల రైతులు భూములు కొని స్థిరపడ్డారు. నిజామాబాద్ ప్రాంతంలో వారి నివాసాలు క్యాంపులుగా ప్రసిద్ధమయ్యాయి. తరువాతి కాలపు తెలంగాణ రాజకీయ పరిభాషలో ‘సెటిలర్’ అనే మాట బలపడింది. ఒక జలాశయం కాలువల కింద కొత్తగా కుదురుకున్నవారికి ఈ పదం పేరునిచ్చింది. జలాశయం గర్భంలో ఊరు కోల్పోయినవారి విషయంలో ఇదే పదం ఏ అర్థంలో పనిచేసిందో వేములఘాట్ చరిత్ర తెలుపుతుంది.

వేములఘాట్: రెండు అర్థాల సంఘర్షణ

వేములఘాట్ సిద్దిపేట జిల్లా తొగుట మండలంలోని గ్రామం. 2016 అక్టోబరుకు ముందు మెదక్ జిల్లాలోనిది. కాళేశ్వరం పథకంలో భాగంగా 50 టీఎంసీల సామర్థ్యంతో తలపెట్టిన మల్లన్నసాగర్ ముంపు పరిధిలోకి ఇది వచ్చింది. ఏటిగడ్డ కిష్టాపూర్, బ్రాహ్మణ బంజేరుపల్లి, పల్లెపహాడ్ వంటి ఊళ్లు కూడా ఆ పరిధిలోవే. ఏటిగడ్డ, పహాడ్ అనే మాటలు నేల తీరును తెలుపుతాయి. బంజేరు అనే మాట సాగులోకి రాని భూమిని స్ఫురింపజేస్తుంది. ఈ పేర్లు మనుషులు అక్కడ కుదురుకున్న తీరుకు ఆనవాళ్లు.

2013 నాటి భూసేకరణ చట్టం పరిహారంతోపాటు పునరావాసాన్ని, పునఃస్థాపనను హక్కులుగా గుర్తించింది. భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమిపై జీవనోపాధి పొందిన కూలీలు, కౌలుదారులు, చేతివృత్తులవారు అందులో బాధిత కుటుంబాలే. 2015 జూలై 30న తెలంగాణ ప్రభుత్వం వెలువరించిన 123వ ఉత్తర్వు దీనికి భిన్నమైన మార్గం చూపింది. ఇష్టపడిన యజమాని నుంచి, కుదిరిన ధరకు, ప్రభుత్వం భూమిని కొనడం దాని సారం. పదచరిత్ర దృష్టితో చూస్తే, చట్టం నివాసార్థాన్ని రక్షించగా, ఉత్తర్వు ఒప్పందార్థాన్నే స్వీకరించింది. కూలీకి ఊరిలో నివాసం ఉన్నది కాని, అమ్మడానికి భూమి లేదు; కనుక ఒప్పందంలో అతనికి స్థానం లేకపోయింది. 2016 ఆగస్టులో ఉమ్మడి హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఈ ఉత్తర్వును కొట్టివేసిన వ్యాజ్యంలో వ్యవసాయ కూలీల జీవనోపాధి ప్రశ్నే కీలకమైంది. తదనంతరం ప్రభుత్వం 2013 చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చి, స్వచ్ఛంద ఒప్పంద సేకరణకు చట్టబద్ధత కల్పించింది.

2016 జూన్‌లో వేములఘాట్‌లో ఆరంభమైన రిలే నిరాహార దీక్షలు వందలాది రోజులు కొనసాగాయి. ఆ కాలంలో 144వ సెక్షన్ కింద ఊరిలో పోలీసు బందోబస్తు ఏర్పడింది. ఒకనాడు రైతు పేరును సేత్వారులోకి ఎక్కించిన కార్యక్రమానికి పేరైన మాటే, అదే భూమిని రైతు విడిచిపెట్టే సందర్భంలో పోలీసు కాపలాకు పేరు కావడం అర్థపరిణామంలో గమనింపదగిన ఘట్టం. 2022 ఫిబ్రవరి 23న జలాశయం ప్రారంభమైంది. నిర్వాసితులకు గజ్వేల్ సమీపంలోని ముట్రాజ్‌పల్లి వద్ద కాలనీ వెలిసింది. వ్యవహారంలో దాని పేరు ‘ఆర్ అండ్ ఆర్ కాలనీ’. ఊరి పేరున్న చోట రెండు ఆంగ్లాక్షరాలు నిలిచాయి.

ముగింపు

పై పరిశీలన వల్ల రెండు విషయాలు తేలుతున్నాయి. ఒకటి: ఈ పదం తెలుగులోకి ప్రధానంగా లెక్క ముగించడం అనే అర్థంతో వచ్చింది, నివాసార్థం దాదాపు జారిపోయింది. రెండు: ‘పునరావాసం’ అనే అనువాదం ఇంటిని సూచించగలదు కాని ఊరిని సూచించలేదు. ఊరు అనే మాటలో ఇల్లు, పొలం, చెరువు, గుడి, శ్మశానం, కూలిపని, పరస్పర వరుసలు అన్నీ ఇమిడి ఉన్నాయి. పాలనాభాషలో ఈ భేదాన్ని గుర్తించకపోతే, చెల్లింపు పూర్తయిన చోట పునరావాసం కూడా పూర్తయినట్లే నమోదవుతుంది. పరిపాలనా పదకోశాలు రూపొందించేవారు ‘సెటిల్‌మెంట్’కు ఒకే సమానార్థకంతో తృప్తిపడక, సందర్భాన్ని బట్టి ఆవాసం, ఒప్పందం, చెల్లింపు అనే అర్థాలను విడివిడిగా నిర్దేశించడం అవసరం. ఒక ఊరి ప్రజలకు దక్కవలసినదేదో ఆ నిర్దేశంపై కూడా ఆధారపడి ఉన్నది.