పడకపుండు తలరాత కాదు: వేలూరు చెప్పే చరిత్ర



కొబ్బరిచెట్టు మీంచి పడో, కట్టడం పనిలో జారో, బైకు ప్రమాదంలోనో వెన్ను దెబ్బతిని మంచం పట్టినవాళ్లు మన గుడియాత్తం పక్కలోనూ ఉన్నారు. వాళ్లకు పడకపుండు పడితే "అది వచ్చేదే, ఏం చేస్తాం" అంటారు. కాదు, దాన్ని చాలావరకు రాకుండా ఆపొచ్చు. ఈ సంగతి నేర్పిన ఊళ్లలో మన వేలూరు ఒకటి.

మొదటి ప్రపంచ యుద్ధం కాలంలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల్లో చాలామంది ఎక్కువ కాలం బతకలేదు. పడకపుండ్లు, మూత్రంలో చీము వాళ్ల ప్రాణం తీసేవి. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు, పగలూ రాత్రీ రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పి తీరాలన్నాడు. అది మందు కాదు, అలవాటు. దాంతో మనుషులు బతికారు. 1948లో ఆయన చక్రాల కుర్చీవాళ్లకు పెట్టిన ఆటల పోటీలే తర్వాత పారాలింపిక్స్ అయ్యాయి.

1946లో వేలూరు సీఎంసీకి డాక్టర్ పాల్ బ్రాండ్ వచ్చారు. కుష్ఠురోగుల వేళ్లు ఊరికే రాలిపోవు, నొప్పి తెలియక కాలి, తెగి, పుండ్లు పడి పోతాయని చూపించారు. నొప్పి మన ఒంటికి కాపలాదారు. మనం నిద్రలో కూడా తెలియకుండానే పక్క తిరుగుతాం. వెన్ను దెబ్బతో స్పర్శ పోతే ఆ కాపలా ఉండదు. ఎముకకూ పరుపుకూ నడుమ చర్మం నలిగి, రక్తం అందక చచ్చిపోతుంది.

ఆ బ్రాండ్ గారి దగ్గర పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో కారు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. ఆస్ట్రేలియాలో చికిత్స, న్యూయార్క్‌లో పునరావాస వైద్యం చదువు అయ్యాక తిరిగి వేలూరే వచ్చారు. 1966లో బాగాయంలో పునరావాస కేంద్రం మొదలైంది. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1986లో కన్నుమూశారు. అంటే దెబ్బ తగిలాక 32 ఏళ్లు బతికి, పనిచేశారు.

ఈ చరిత్ర మన ఇళ్లకు చెప్పేది ఇది. పడుకున్నప్పుడు రెండు గంటలకోసారి తిప్పాలి. కూర్చున్నప్పుడు పావుగంటకో అరగంటకో చేతులూని పైకి లేవాలి, లేదా పక్కకు వాలాలి. పొద్దునా సాయంత్రం అద్దం పెట్టి పిరుదులు, నడుము కింది ఎముక, మడమలు చూడాలి. ఎర్రబడింది తగ్గకపోతే ఆ చోట బరువు పడనివ్వకుండా డాక్టరుకు చూపించాలి. రుద్దకూడదు. నడుము కింద గాలి ట్యూబు పెట్టకూడదు, చుట్టూ రక్తం ఆగిపోతుంది. తడిగుడ్డ వెంటనే మార్చాలి. ఎండకు కాలిన సిమెంటు అరుగు మీద కూర్చోబెట్టకూడదు, వేడి గిన్నె ఒళ్లో పెట్టకూడదు. బీడీ మానాలి, అది రక్తం పారడాన్ని తగ్గిస్తుంది. పప్పు, గుడ్డు, పాలు తినాలి.

మనవాళ్లకు జాలి ఎక్కువ. "పాపం, కదిలించకండి" అంటారు. ఆ జాలే పుండవుతుంది.

ఇంకో మాట. రాత్రి రెండు గంటలకోసారి లేచేది ఎక్కువగా భార్యో, అమ్మో. నెలల తరబడి ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదది. అలాంటి ఇంటికి చూడ్డానికి పోతే యాపిల్ పండ్లు ఇచ్చి వచ్చేయకండి. "రాత్రి తిప్పేదెవరమ్మా?" అని అడగండి. దగ్గరి సభ్యులు వంతులు వేసుకుని వారానికి ఒక్క రాత్రి ఆమెను నిద్రపోనిస్తే, అది మన సంఘం చేసే మంచి పనుల్లో ఒకటవుతుంది.